ఒక్కసారే అడిగే ఊళ్ళు

దక్షిణ ఫ్రాన్సు పల్లెల్లో ఐదు రోజులు తిరిగి, డెల్టా కాలవలకు నీళ్ళు వదలకముందే ఇంటికి వచ్చాను. అక్కడి కోటల గురించి, చర్చిల గురించి మంచి పుస్తకాలున్నాయి. వాటికి నేను కలపగలిగింది ఏమీ లేదు. నేను ఎక్కువగా చూసింది భోజనాల బల్లలు. అక్కడ నాకు తిండి పెట్టినవాళ్ళ గురించి రాస్తాను. ఆ వైపు వెళ్ళనివాళ్ళకి కొంత తెలుస్తుంది, నాకు ఒక ఋణం తీరుతుంది.

ముందు ఒక సంగతి చెప్పాలి. అది లేకపోతే మిగతాది అర్థం కాదు.

నా భార్య సరోజ పోయి పదహారు నెలలైంది. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం చేసి రిటైరయ్యేదాకా నేను ఇంట్లో కంచం ముందు కూర్చోవడమే తప్ప గరిటె పట్టుకున్నవాణ్ణి కాను. మా కృష్ణా జిల్లాలో భోజనానికి కూర్చున్న మనిషి మొదటిసారి 'చాలు' అంటే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రెండోసారి అడగాలి. మూడోసారి అడక్కుండానే వడ్డించాలి. సరోజ ముప్పై ఎనిమిదేళ్ళు నన్ను అలాగే అడిగింది.

ఆమె మంచం పట్టాక గరిటె నా చేతికొచ్చింది. చివరి రోజు మధ్యాహ్నం పెరుగన్నం మెత్తగా కలిపి తీసుకెళ్ళాను. రెండు చెంచాలు తిని, "చాలండీ" అంది. నేను కంచం తీసేశాను. తర్వాత మందుల షాపుకి వెళ్ళొచ్చాను. మర్నాడు తెల్లవారేసరికి ఆమె లేదు.

ఆ కంచం తీసేటప్పుడు నేను రెండోసారి అడగలేదు. అలసటతో అడగలేదో, అలవాటు లేక అడగలేదో నాకే తెలియదు. ఆకలితోనే వెళ్ళిపోయిందేమో అన్న అనుమానం మాత్రం ఉండిపోయింది. ఇది ఎవరికీ చెప్పలేదు.

సరోజ తమ్ముడు రాంబాబుది గన్నవరంలో హార్డ్‌వేర్ షాపు. ఒకరోజు పటమటలో మా ఇంటికొచ్చి, గోడ వైపు తిరిగి నిలబడి తింటున్న నన్ను చూశాడు. వారం తర్వాత పాస్‌పోర్టు అడిగి తీసుకెళ్ళాడు. వాళ్ళమ్మాయి మేఘన తూలూజ్‌లో వ్యవసాయం మీద ఎమ్మెస్సీ చదువుతోంది. "పిల్లని చూసొద్దాం రండి బావా. ఫ్రెంచి నాకు రాదు, ఇంగ్లీషూ అంతంతే. మీరు లేకపోతే ఎయిర్‌పోర్టులోనే తప్పిపోతాను" అన్నాడు. అతను ఎక్కడా తప్పిపోయే మనిషి కాడు.

కాస్తెల్నోదారి: చిక్కుడు గింజలు, బాతు

మొదటి రోజు మేఘన కారు నడుపుతూ తూలూజ్‌కి ఆగ్నేయంగా తీసుకెళ్ళింది. దారి పొడవునా గోధుమ, పొద్దుతిరుగుడు. కాస్తెల్నోదారి అనే చిన్న పట్నంలో కాసూలే అనే వంటకం ప్రసిద్ధి. తెల్ల చిక్కుడు గింజల్ని బాతు మాంసంతో, పంది సాసేజీతో కలిపి మట్టి మూకుడులో గంటల తరబడి ఉడికిస్తారు. పైన కట్టిన పొరను మాటిమాటికీ లోపలికి నొక్కి మళ్ళీ పొర కట్టనిస్తారు. మూకుడు పొయ్యి మీది నుంచి నేరుగా బల్ల మీదికి వస్తుంది. రొట్టెకు వేరే ప్లేటు ఉండదు, బల్ల మీద పరిచిన గుడ్డ మీదే పెట్టుకోవాలి. నేను చిన్న ప్లేటు కోసం చుట్టూ చూస్తుంటే పక్క బల్ల ముసలాయన తన రొట్టె ముక్కని గుడ్డ మీద రెండుసార్లు తట్టి చూపించాడు.

బాతు నాకు కొత్త కాదు. కొల్లేటి వైపు చుట్టాలిళ్ళలో తిన్నాను. ఇంత మెత్తగా ఎముక వదిలేసే బాతుని మాత్రం ఎప్పుడూ తినలేదు. సాసేజీ ముక్కలు రాంబాబు మూకుడులోకి వెళ్ళాయి.

"బానే ఉంది గానీ బావా, పాపం ఉప్పూకారం మరిచిపోయారు" అంటూ రాంబాబు బ్యాగులోంచి కారప్పొడి పొట్లం తీశాడు.

"నాన్నా, లోపల పెట్టు. వాళ్ళకి అవమానం" అంది మేఘన.

"నా మూకుడులో నేనేసుకుంటే వాళ్ళకేంటమ్మా?"

వడ్డించే పెద్దమనిషికి అరవై దాటి ఉంటాయి. దగ్గరికొచ్చి పొట్లం చూశాడు. కోప్పడతాడనుకున్నాను. వాసన చూసి, అరచేయి చాపాడు. చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ పొట్లం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. పది నిమిషాలు రాలేదు.

"పొట్లం పోయింది" అంది మేఘన.

"పోదులే. వడ్డించేవాడు మనవాడయ్యాక బంతిలో ఎక్కడ కూర్చుంటే ఏంటి" అన్నాడు రాంబాబు.

వంట మనిషి తనే వచ్చింది. ఎత్తుగా, ఏప్రను మీద నెయ్యిలాంటి మరకలతో ఉంది. కారప్పొడిలో ఏమేం వేస్తారో రాయమని మేఘనకి కాగితం ఇచ్చింది. ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి, చింతపండు. చింతపండుకి అక్కడి మాట మేఘనకి తెలుసు గానీ ఆవిడకి వస్తువు తెలియలేదు. పొట్లం ఆవిడకే ఇచ్చేశాం. బదులుగా మాకు మూడు చిన్న గ్లాసుల్లో ఏదో పండ్ల సారా వచ్చింది. మూడూ రాంబాబే తాగాల్సి వచ్చింది, మేఘన కారు నడపాలి కాబట్టి, నేను తాగను కాబట్టి.

రెండుంబావుకి

రెండో రోజు తార్న్ నది పక్క ఊళ్ళమీదుగా వెళ్ళాం. రాంబాబు దారిలో కనిపించిన ప్రతి ట్రాక్టరు దగ్గరా ఆగమన్నాడు. అందువల్ల ఒక కొండ ఊళ్ళో హోటలు ముందుకి చేరేసరికి రెండుంబావు. లోపల ఇద్దరు ముగ్గురు కాఫీ తాగుతున్నారు. హోటలామె తలుపు దగ్గరే చెప్పింది, వంట అయిపోయింది, పొయ్యి ఆపేశాను అని.

బెజవాడలో సాయంత్రం నాలుగింటికి వెళ్ళినా ఎవరో ఒకరు ఇంత అన్నం, చారు పోస్తారు. రాంబాబుకి ఇది మింగుడు పడలేదు.

"ఇంకోసారి అడగమ్మా. దూరం నుంచి వచ్చామని చెప్పు."

"చెప్పాను నాన్నా."

"ఇండియా నుంచి అని చెప్పావా?"

"ఇక్కడ ఒక్కసారే అడుగుతారు. వాళ్ళూ ఒక్కసారే చెప్తారు. మళ్ళీ అడిగితే నీ మాట నేను నమ్మట్లేదు అన్నట్టు" అంది మేఘన.

మేం కారు వైపు తిరిగాం. హోటలామె పిలిచింది. చెట్ల కింద ఉన్న బల్ల చూపించి కూర్చోమంది. రొట్టె, గొర్రెపాల జున్నులాంటి చీజు, నాలుగు టమాటాలు, ఉప్పు గిన్నె, చాకు, పెద్ద కూజాతో నీళ్ళు తెచ్చింది. వంట లేదు అన్న మాట మీదే నిలబడింది. వంట అక్కర్లేనిదంతా పెట్టింది. టమాటాలు పెరట్లోవి. ఎండకి వెచ్చగా ఉన్నాయి. రాంబాబు టమాటా కొరికి, పొద్దుటి నుంచి మొదటిసారి నోరు మూసుకున్నాడు.

'ఒక్కసారే చెప్తారు' అన్న మేఘన మాట ఆ రోజంతా నాతో వచ్చింది.

రౌండ్‌అబౌట్ పక్కన

మూడో రోజు అవేరోన్ అనే జిల్లాకి వెళ్ళాం. అక్కడ రోడ్లు కలిసే చోట, పెట్రోలు బంకు పక్కన పనివాళ్ళు తినే హోటళ్ళుంటాయి. మన మెస్సులే అనుకోవచ్చు. మెనూ ఉండదు. ఆ రోజు ఏం వండితే అదే. మొదట సూపు, తర్వాత పచ్చి కూరలు, ఆపైన మాంసం, చీజు, తీపి, సీసాడు వైను. అన్నీ కలిపి పదహారు యూరోలు. మన డబ్బుల్లో ఎంతో రాంబాబు పైకే అని, "మన మెస్సులో పది మంది తినొచ్చు" అన్నాడు. తిన్నాక మాత్రం ఆ లెక్క మళ్ళీ ఎత్తలేదు.

ఖాళీ బల్ల అడగకూడదు. పొడవాటి బల్ల దగ్గర ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చోవాలి. నా ఎదురుగా ఇద్దరు తాపీవాళ్ళు, చేతులకి సిమెంటు మరకలతో. పక్కన గొర్రెలు మేపే ముసలి రైతు. సూపు గిన్నె బల్ల మధ్యలో పెట్టి వెళ్ళిపోతారు. ఎవరికి కావాలంటే వాళ్ళు పోసుకోవాలి. రైతు తన సూపు అడుగుకి వచ్చాక అందులో ఎర్ర వైను ఒలకబోసి, గిన్నె రెండు చేతులతో ఎత్తి తాగేశాడు. నేను చూస్తున్నానని గమనించి మీసం తుడుచుకున్నాడు. వాళ్ళ తాత అలాగే తాగేవాడట. ఇప్పటి పిల్లలు సిగ్గుపడుతున్నారట.

మా నాన్న చివర్లో కంచంలో మజ్జిగ పోసుకుని, కంచం ఎత్తి తాగేవాడని చెప్పాను. మేఘన చెప్పగానే ఆయన తన సీసా నా గిన్నె మీదికి వంచబోయి ఆగి, కళ్ళతో అడిగాడు.

నేను చెయ్యి అడ్డుపెట్టాను. ఆయన సీసా దించేసి రొట్టె తుంచుకున్నాడు.

అంతే. ముఖం మాడ్చుకోలేదు, 'మా కోసం ఒక్క చుక్క' అనలేదు. మా వైపు పెళ్ళిళ్ళలో ఈ ఒక్క 'వద్దు'ని కాపాడుకోవడానికి నేనెన్నిసార్లు బల్ల మీంచి లేచి వెళ్ళిపోయానో గుర్తొచ్చింది. ఆ రైతు మీద నాకు కలిగిన అభిమానం చిన్నది కాదు.

ఏం పండిస్తారని అడిగాడు. పామర్రు దగ్గర మాకు కొంచెం వరి ఉందని, కృష్ణ కాలవ కింద సాగు అని చెప్పాను. నీళ్ళు ఎప్పుడొస్తాయి అన్నాడు. వదిలినప్పుడు అన్నాను. తాపీవాళ్ళతో సహా అందరూ నవ్వారు. అక్కడా అంతేనట.

చీజు పలక వచ్చింది. ఐదు రకాలు. కోసుకున్నవాళ్ళు పక్కవాళ్ళకి జరిపారు. రాంబాబు ఒకటి రుచి చూసి, మిగతావి తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. పలక బల్ల చివరికి వెళ్ళి అటునుంచి అటే లోపలికి వెళ్ళిపోయింది. అతను దాని వెనకాలే మెడ తిప్పి చూశాడు. "ఒక్క రౌండేనా?" అన్నాడు.

"ఒక్క రౌండే" అంది మేఘన.

ఒబ్రాక్: అలిగో

నాలుగో రోజు ఒబ్రాక్ అనే పీఠభూమికి ఎక్కాం. చెట్లు దాదాపు లేవు. గడ్డి, నల్ల రాళ్ళు, కాటుక పెట్టినట్టు కళ్ళున్న గోధుమరంగు ఆవులు. జూన్‌లో కూడా చలిగాలి. బెజవాడ నుంచి స్వెట్టరు తెచ్చుకోని రాంబాబు, మేఘన ఎర్ర శాలువా కప్పుకుని హోటల్లోకి వచ్చాడు.

హోటలు అంటే రాతి ఇల్లు. ఆరు బల్లలు. నడిపేది ఒదీల్ అనే ఆవిడ. డెబ్భై ఏళ్ళుంటాయేమో. అక్కడ తినాల్సింది అలిగో. ఉడికించిన బంగాళాదుంపల్ని మెదిపి, వెల్లుల్లి, మీగడ, లేత చీజు వేసి, పెద్ద చెక్క గరిటెతో తీగలు సాగేదాకా తిప్పుతారు. ఒదీల్ రాగి గిన్నె చంకన పెట్టుకుని బల్ల దగ్గరికొచ్చి, గరిటె భుజం దాకా ఎత్తింది. జీడిపాకంలా సాగి, తెల్లని తాడులా వేలాడింది. కత్తిరించినట్టు ఒక తిప్పు తిప్పి ప్లేటులో వేసింది.

పదహారు నెలల తర్వాత నేను ఆకలితో తిన్న మొదటి భోజనం అది. వెచ్చగా, ఉప్పగా, చంటిపిల్లల ముద్దలా మెత్తగా ఉంది. ప్లేటు ఖాళీ అయింది. ఒదీల్ గిన్నెతో మళ్ళీ వచ్చి నా వైపు చూసి గరిటె ఎత్తింది.

నాకు కావాలి. కానీ నా చెయ్యి దానంతట అదే లేచి, చాలు అన్నట్టు ఊగింది. తల కూడా కొంచెం వంచాను. మర్యాదస్తుడు చేసేదంతా చేశాను.

ఒదీల్ తలూపి పక్క బల్లకి వెళ్ళిపోయింది.

నేను ఆగాను. మళ్ళీ వస్తుందనుకున్నాను. ఆమె కిటికీ దగ్గరున్న దంపతులకి వడ్డించింది, వాళ్ళ వెనక ఉన్న ముగ్గురికి వడ్డించింది, గిన్నె గీకింది. రాంబాబు నన్నే చూస్తున్నాడు. శాలువాలోంచి నవ్వడం మొదలుపెట్టాడు.

"అయిపోయింది బావా. గిన్నె ఖాళీ."

"నాకు చాలు."

"చాల్లేదు. మీ మొహం నాకు తెలియదా? మా అక్క మిమ్మల్ని పాడు చేసింది. రెండోసారి అడిగితే గానీ తినరు, మూడోసారి అడిగితే గానీ ఒప్పుకోరు."

హోటల్లో మిగతావాళ్ళు లేచాక ఒదీల్ కాఫీలు తెచ్చి, మా బల్ల చివర కూర్చుంది. మేమెందుకు నవ్వుతున్నామని అడిగింది. మేఘన మా ఆచారం చెప్పింది. ఒదీల్ ఓపిగ్గా విని, నా వైపు తిరిగి ఏదో అంది.

"మీరు వద్దన్నారు కదా, నేను విన్నాను కదా, మళ్ళీ అడిగితే విననట్టే కదా అంటున్నారు" అంది మేఘన.

అప్పుడు ఎందుకు నోరు విప్పానో చెప్పలేను. ఆవిడ నాకు ఎవరూ కాకపోవడం ఒక కారణం. మళ్ళీ కనపడదు. నేను తెలుగులోనే చెప్పాను, మేఘన కోసం ఆగుతూ. మంచం, పెరుగన్నం, రెండు చెంచాలు, 'చాలండీ', నేను తీసేసిన కంచం. రెండోసారి అడగలేదని చెప్పాను. మా ఊళ్ళో మొదటి 'చాలు'ని నమ్మకూడదని, అది తెలిసి కూడా నేను నమ్మానని చెప్పాను.

మేఘన సగంలో ఆగిపోయింది. నేను తల ఊపాక మిగతాది చెప్పింది. రాంబాబు కాఫీ కప్పులోకి చూస్తున్నాడు.

ఒదీల్ ఒక ప్రశ్న వేసింది.

"అప్పటికి అత్తయ్యకి మాట ఉందా అని అడుగుతున్నారు మామయ్యా."

"ఉంది. స్పష్టంగానే ఉంది."

ఒదీల్ రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. చిన్న వాక్యం.

"అయితే ఆమె మీకు చెప్పింది అంటున్నారు."

ఇంకేమీ కలపలేదు. నా చెయ్యి పట్టుకోలేదు, మళ్ళీ అలిగో తేలేదు. కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను కిటికీలోంచి ఆవుల్ని చూస్తూ కూర్చున్నాను. వాటి మెడ గంటలు అంత దూరానికీ వినపడుతున్నాయి.

బయట కారు దగ్గర రాంబాబు నన్ను ఆపాడు. మేఘన బిల్లు కట్టడానికి లోపలే ఉంది.

"ఆ మధ్యాహ్నం అక్క నాకు ఫోన్ చేసింది బావా."

నేను అతని వైపు చూశాను.

"మీరు మందులకి వెళ్ళినప్పుడు. 'మీ బావగారు ఇవాళ బతిమాల్లేదురా' అంది. 'మీరందరూ వచ్చి ఒక్క ముద్ద, ఒక్క ముద్ద అని నా ప్రాణం తీశారు. ఆయనొక్కరే నా మాట విన్నారు' అంది."

గాలికి శాలువా కొంగు అతని మొహం మీద పడుతోంది. తీసుకోలేదు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? వారం వారం క్యారేజీ పట్టుకొచ్చి బతిమాలింది నేనేగా. అది నన్నన్న మాట బావా. మీకు ఇది కావాలని నాకేం తెలుసు?"

మేఘన వచ్చింది. ముగ్గురం కారెక్కాం. రాత్రికి దిగిన ఊళ్ళో వెల్లుల్లి సూపు పెట్టారు. మళ్ళీ కావాలా అని ఒక్కసారి అడిగారు. కావాలన్నాను.

పటమట

అయిదో రోజు తూలూజ్, ఆ తర్వాత ఇల్లు. నేను వచ్చేటప్పుడు మేఘన ఒబ్రాక్ చాకు ఒకటి కొనిచ్చింది. దానితో టమాటాలు కోస్తున్నాను. కూర్చునే తింటున్నాను.

కారప్పొడి రుచి చూసి కళ్ళ నీళ్ళు తుడుచుకున్న పెద్దమనిషికి, పొయ్యి ఆర్పేసి కూడా మమ్మల్ని ఆకలితో పంపని ఇల్లాలికి, సీసా దించేసిన రైతుకి, ఒదీల్‌కి నేను ఋణపడ్డాను. వాళ్ళలో ఎవరూ ఇది చదవరు. చదివేవాళ్ళలో ఎవరైనా అటు వెళితే మధ్యాహ్నం రెండు కొట్టకముందే భోజనానికి వెళ్ళండి. కావలసింది కావాలని చెప్పండి.

మొన్న ఆదివారం రాంబాబు వచ్చాడు. పప్పు, వంకాయ కూర చేశాను. వంకాయ కొంచెం మాడింది. రెండు ముద్దలు తిన్నాక, "చాలు బావా" అన్నాడు.

"కొంచెం వేసుకో" అన్నాను.

"వద్దు బావా, నిజంగా."

గరిటె కంచంలోకి వంచాను. అతను కంచం పక్కకి జరపలేదు. మన ఊళ్ళో ఇలాగే చెయ్యాలి.

రాంబాబు వ్యాపారం చేసే మనిషి. అవసరమైతే ఎదుటివాడికి కావలసిన మాట చెప్పగలడు. ఆ సంగతి నాకు తెలుసు. కొండ మీద కారు పక్కన నిలబడి అతను చెప్పింది విన్నాను. ఆ ఫోను నిజంగా వచ్చిందా అని నేను రెండోసారి అడగలేదు.